1966 మస్టాంగా, 2015 మస్టాంగ్ జీటీయా: పాతికవేల డాలర్లతో ఏది కొనాలి?

న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు రూట్ 1 మీద రోజూ తిరుగుతూనే ఉంటారు. ఆ రోడ్డు పక్కనే ఒకప్పుడు ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉండేదనీ, ఫోర్డ్ వాళ్ళ స్పోర్ట్స్ కారు మస్టాంగ్ మొదటి తరం బండ్లు కొన్ని అక్కడే తయారయ్యాయనీ చాలామందికి తెలియదు. ఉన్నది ఎడిసన్‌లోనే అయినా దాని పేరు మెటుచెన్ ప్లాంటు. 1948లో మొదలై 2004లో మూతబడింది. కాలిఫోర్నియా బే ఏరియా వాళ్ళకీ ఇలాంటిదే ఒకటుంది. మిల్పిటాస్‌లో వారాంతం షాపింగ్‌కి వెళ్ళే గ్రేట్ మాల్, 1983లో మూసేసిన ఫోర్డ్ శాన్ హోజే ప్లాంటు భవనమే.

నాకీ సంగతి 1966 మస్టాంగ్ కొన్నాకే తెలిసింది. ఫ్యాక్టరీలో బండి మీద గుద్దే నంబరులో (రిజిస్ట్రేషన్ నంబరు కాదు) రెండో గుర్తు "టి" అని ఉంటే అది మెటుచెన్‌లో పుట్టిందని అర్థం. మా ఇంటికి పది నిమిషాల దూరంలో తయారైన బండి, యాభై ఏళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ ఇక్కడికే వచ్చిందన్నమాట. నాలుగేళ్ళు నడిపాను. ఇప్పుడు నా దగ్గర 2016 జీటీ, అంటే వీ8 ఇంజిన్ ఉన్న కొత్త తరం మస్టాంగ్ ఉంది. అందుకే కొత్తగా ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాళ్ళు తరచూ అడుగుతుంటారు: "అన్నా, పాతికవేలు పక్కన పెట్టాను. పాతది కొననా, జీటీ కొననా?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ డబ్బుకి అటూ ఇటూగా రెండూ దొరుకుతాయి. వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌తో, రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉన్న 1966 కూపే (గట్టి పైకప్పున్న మామూలు రెండు తలుపుల బండి) వస్తుంది. యాభై అరవై వేల మైళ్ళు తిరిగిన 2015-17 జీటీ కూడా వస్తుంది. పైకప్పు వెనకదాకా వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ మీద మనసుంటే ఈ బడ్జెట్ మర్చిపోండి, దాని ధర చాలా పైన ఉంటుంది.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. గ్యారేజీలో రెండో బండికి చోటు, వారానికి మూడు నాలుగు గంటల తీరిక, చేతికి గ్రీజు అంటుకోవడమంటే ఇష్టం, ఈ మూడూ ఉంటేనే 1966 కొనండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా జీటీ కొనండి. మూడూ ఉన్నవాళ్ళకి మాత్రం జీటీ ఎంత బాగున్నా 1966 ఇచ్చే తృప్తి ఇవ్వదు.

అంకెలు చూసి మోసపోకండి

మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చింది. అప్పటి ధర 2,368 డాలర్లు. అంత తక్కువకి ఇవ్వగలిగారంటే కారణం, లోపల ఉన్నది ఫోర్డ్ వాళ్ళ ఫాల్కన్ అనే మామూలు కుటుంబ కారు సరంజామా కావడమే. పైన తొడుగు కొత్తది. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ. 1966 ఒక్క ఏడాదిలోనే ఆరు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఈ లెక్క కొనేవాడికి రెండు రకాలుగా ఉపయోగం. బండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. స్పేర్ పార్టులైతే దాదాపు ప్రతిదీ ఇవాళ్టికీ కొత్తగా తయారవుతోంది, మొత్తం బాడీతో సహా.

ఎక్కువగా కనిపించే వీ8, బండి నంబరులో "సి" అనే అక్షరంతో గుర్తుపట్టే "సి" కోడ్ 289. అంటే 289 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 4.7 లీటర్లు. రెండు బ్యారళ్ళ కార్బురేటర్‌తో 200 హార్స్‌పవర్ అని రాసి ఉంటుంది. నాలుగు బ్యారళ్ళ "ఏ" కోడ్‌కి 225, అరుదైన "కె" కోడ్‌కి 271. జీటీలో ఉన్నది 5 లీటర్ల కొయోటీ ఇంజిన్, 435 హార్స్‌పవర్. అయితే 200కీ 435కీ మధ్య తేడా కాగితం మీద కనిపించేదానికన్నా పెద్దది. 1972కి ముందు అమెరికాలో ఇంజిన్‌ని బండిలోంచి తీసి, ఎయిర్ ఫిల్టరు, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటి బరువులేవీ లేకుండా కొలిచేవాళ్ళు. తర్వాతి కొలత అన్నీ బిగించి ఉన్న ఇంజిన్‌ది. కాబట్టి ఇవాళ్టి కొలతలో ఆ 200 ఎంతో కిందికి దిగుతుంది.

వేగంలో పోటీయే లేదు. నిలబడ్డ చోటునుంచి 60 మైళ్ళ వేగం అందుకోవడానికి జీటీకి నాలుగున్నర సెకన్లు చాలు, సి కోడ్ 1966కి దాదాపు రెట్టింపు పడుతుంది. పాతది తేలిక కూడా, సుమారు 1,270 కిలోలు. జీటీ 1,680 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువు వేసుకుని కూడా అంత ముందుంటుంది.

అయినా ఆనందాన్ని వేగంతో కొలిస్తే 1966 ఎవరికీ అర్థం కాదు. 45 మైళ్ళ వేగంలో కిటికీ దించి, ముందున్న చిన్న ముక్కోణపు అద్దాన్ని గాలి లోపలికి వచ్చేలా తిప్పి పెట్టుకుంటే, ఆ సన్నటి స్టీరింగ్ చక్రం మీద రోడ్డు గతుకు ప్రతిదీ వేళ్ళకి తెలుస్తుంది. హై బీమ్ వేయాలంటే క్లచ్ పక్కన నేల మీదున్న మీటని ఎడమకాలితో నొక్కాలి. మొదటిసారి రాత్రిపూట నడిపినప్పుడు ఆ మీట కోసం కాలితో వెతుక్కున్నాను. వారం తిరిగేసరికి కాలే దాన్ని గుర్తుపెట్టుకుంది. జీటీలో 45 మైళ్ళంటే ఇంజిన్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. దాని సంతోషం మొదలయ్యేది పోలీసులు ఆపే వేగంలో. ఇది జీటీ వాళ్ళు తరచూ ఒప్పుకోని నిజం.

ఉదయం పూట బండి తీయడం

నాన్న అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో చూసి పెరిగినవాళ్ళకి 1966 కొత్తగా అనిపించదు. చలిలో స్టార్ట్ చేయాలంటే యాక్సిలరేటర్ రెండుసార్లు నిండుగా తొక్కి వదలాలి. అప్పుడు కార్బురేటర్ మీద చోక్ తలుపు మూసుకుంటుంది. కాలు తీసేసి తాళం తిప్పాలి. పట్టుకున్నాక రెండు మూడు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి. ఎండాకాలం కథ వేరు. వేడి బండి ఆపి కాఫీ తాగొచ్చేలోపు కార్బురేటర్లో పెట్రోలు మరిగిపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ సగం నొక్కి పట్టి స్టార్టర్ ఎక్కువసేపు తిప్పాలి. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే సీబీ పాయింట్ గ్యాపు ఏడాదికోసారైనా చూసుకోవాలి, లేదా దాన్ని తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోవాలి. నేను మొదటి నెలలోనే పెట్టించాను, ఒక్క రోజూ చింతపడలేదు.

ఇప్పటి పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలని అది తినేస్తుంది. కొన్న రోజే పెట్రోలు గొట్టాలన్నీ మార్చండి, ఖర్చు చాలా తక్కువ. ఇంజిన్ ఆయిల్ జింక్ మోతాదు ఎక్కువున్నదే పోయాలి. ఆ పాతరకం క్యామ్‌షాఫ్ట్‌కి ఇప్పటి మామూలు ఆయిల్ సరిపోదు.

జీటీకి ఇవేవీ అక్కర్లేదు. బటన్ నొక్కితే మైనస్ డిగ్రీల్లోనూ లేస్తుంది. వేళకి 8 క్వార్టుల సింథటిక్ ఆయిల్ మార్చుకుంటే చాలు. ఆ విషయంలో ఇంతకన్నా రాయడానికేం లేదు.

పిల్లలున్నవాళ్ళు ఇది తప్పక చదవండి

ఇక్కడ మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. 1966 మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. వేరే నేల రేకంటూ లేదు. డిక్కీకీ వెనక సీటుకీ మధ్య గట్టి ఇనుప గోడ కూడా లేదు, ఉన్నది సీటు వెనక అట్టలాంటి పలక మాత్రమే. వెనకనుంచి ఎవరైనా గట్టిగా గుద్దితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. స్టీరింగ్ రాడ్డు గుద్దుకున్నప్పుడు ముడుచుకునే రకం కాదు, నేరుగా ఛాతీకి ఎదురుగా ఉంటుంది. ముడుచుకునే రకం తర్వాతి ఏళ్ళలో వచ్చింది. బెల్టులు నడుముకి మాత్రమే. బ్రేకు ఆయిల్‌కి ఒకే దారి, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుంది. రెండు దారుల మాస్టర్ సిలిండర్ (బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసేది) 1967 నుంచే.

ఇందులో చాలావరకు సరిచేసుకోవచ్చు. నేను చేయించిన వరస ఇదీ: ముందు రెండు దారుల మాస్టర్ సిలిండర్, తర్వాత ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు, ఆ తర్వాత ముందు సీట్లకి భుజం బెల్టులు, చివరగా డిక్కీకీ సీటుకీ మధ్య స్టీలు పలక. అన్నీ రెడీమేడ్ కిట్‌లుగా దొరుకుతాయి. పెయింటు మీదా చక్రాల మీదా పైసా పెట్టకముందే ఇవి చేయించాలి. ఇన్ని చేయించాక కూడా వెనక సీట్లో మా అమ్మాయిని ఒక్కసారీ కూర్చోబెట్టలేదు. చైల్డ్ సీటు బిగించే కొక్కేలు అందులో ఉండవు, ఎలాగో బిగించినా ఆ ట్యాంకు వీపు వెనకే ఉంటుంది.

జీటీలో 8 ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్, వెనక చైల్డ్ సీటు కొక్కేలు ఉన్నాయి. అలాగని దాన్ని కుటుంబ కారు అనుకోవద్దు. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో మొత్తం మీద 5 నక్షత్రాలు తెచ్చుకున్న ఇదే తరం బండికి, 2017లో యూరప్‌లో కార్ల భద్రతని పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు రెండే ఇచ్చారు. వెనక సీటు వాళ్ళకి రక్షణ సరిపోలేదు, తనంతట తాను బ్రేకు వేసుకునే ఏర్పాటు లేదు. రెండు తలుపుల బండిలో సీటు ముందుకి మడిచి, నడుం వంచి పసిపిల్లని వెనక కట్టడం రోజూ చేసే పని కాదు.

పాతది కొనేవాళ్ళు బాడీ చూడాలి, ఇంజిన్ కాదు

మన చూపు ముందు బానెట్ కిందికే పోతుంది. 1966కి సంబంధించి అది తప్పు. 289 ఇంజిన్ బోరుకొచ్చినా బాగుచేసే మెకానిక్కులు ఊరికొకరున్నారు, ఖర్చు కూడా ముందే అంచనాకి వస్తుంది. తుప్పుకి అంచనా ఉండదు. ఒక చోట రేకు కోస్తే ఇంకో చోట బయటపడుతుంది. ఈ బండికి విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. రేకు తినేస్తే బండి నిలబడే బలమే పోతుంది. ఇటు అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ఇక్కడే బతికిన బండ్లని మరీ అనుమానంగా చూడాలి. వీలైతే అరిజోనా, కాలిఫోర్నియా బండి వెతకండి.

అన్నిటికన్నా చెడ్డ చోటు కౌల్. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి కోసం చీలికలున్న పలక అది. రెండు రేకుల్ని అతికించి చేశారు, లోపలివైపు సరిగా పెయింటు పట్టలేదు. ఆకులు రాలి లోపల చేరతాయి, తడి నిలుస్తుంది, తుప్పు తినేస్తుంది. వాన నీళ్ళు బయటికి పోవడానికి బదులు కాళ్ళ దగ్గర కార్పెట్‌లోకి దిగుతాయి. దాన్ని బాగుచేయాలంటే స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి పలక మొత్తం విప్పాలి.

దీన్ని పట్టుకోవడానికి ఒక లీటరు నీళ్ళ సీసా చాలు. అమ్మేవాడి అనుమతి తీసుకుని కుడివైపు చీలికల్లోకి నెమ్మదిగా సగం పోయండి. తర్వాత డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి ఫోన్ లైటు వేసి చూడండి. ఎడమవైపూ అలాగే. బండి బాగుంటే నీళ్ళు ముందు ఫెండర్ల వెనక అంచు కింద రెండువైపులా నేల మీద పడతాయి, లోపల చుక్క కనబడదు. నేను కొనకుండా తిరిగొచ్చిన మూడు బండ్లలో రెండు ఈ సీసా దగ్గరే తేలిపోయాయి. అందులో ఒకదానికి మెరిసే ఎర్ర పెయింటు, కొత్త సీట్లు. నీళ్ళు పోసిన పది సెకన్లకి కొత్త కార్పెట్ మీద టపటపా పడ్డాయి.

తర్వాత చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి వెనక చక్రాల చుట్టూ, తలుపుల అంచుల కిందా ఆనించి చూడండి. పట్టుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. డ్రైవర్ తలుపు తెరిచేటప్పుడు కొంచెం కిందికి జారితే సరిచూడండి. కీలు అరిగి ఉంటే చిన్న పనే, బాడీ కుంగి ఉంటే మాత్రం ఆ బండి వద్దు.

ఇక బండి నంబరు. నా స్నేహితుడితో కలిసి పెన్సిల్వేనియాలో ఒక బండి చూడ్డానికి వెళ్ళాను. "ఒరిజినల్ వీ8" అన్నాడు అమ్మే ఆయన. బానెట్ ఎత్తితే 289 ఇంజిన్ ఉంది, నిజమే. కానీ చక్రానికి నాలుగు నట్లే ఉన్నాయి. వీ8 బండ్లు ఫ్యాక్టరీనుంచి ఐదు నట్లతో వచ్చాయి, ఆరు సిలిండర్లవి నాలుగింటితో. నంబరులో ఐదో గుర్తు చూస్తే "టి", అంటే ఆరు సిలిండర్ల బండి. ఎవరో తర్వాత వీ8 పెట్టారు, బ్రేకులు మాత్రం చిన్న ఇంజిన్‌కి సరిపడేవే వదిలేశారు. ధర తేడా ఒక ఎత్తు, ఆ బ్రేకులతో ఆ ఇంజిన్ నడపడం ఇంకో ఎత్తు.

నంబరు చదవడం తేలికే. మొదటి అంకె ఏడాది, 6 అంటే 1966. రెండోది ఫ్యాక్టరీ: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోజే, టి అంటే మెటుచెన్. తర్వాతి రెండంకెలు బాడీ: 07 కూపే, 08 కన్వర్టిబుల్, 09 ఫాస్ట్‌బ్యాక్. ఐదోది ఇంజిన్. టి అనే అక్షరం రెండో స్థానంలో ఫ్యాక్టరీ, ఐదో స్థానంలో ఆరు సిలిండర్ల ఇంజిన్ అని గుర్తుంచుకోండి, లేకపోతే గందరగోళం. తలుపు మీది ప్లేటుని నమ్మొద్దు, అది ఊడదీసి మార్చేయొచ్చు. బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు మీద గుద్దిన నంబరు చూసి టైటిల్ కాగితంతో పోల్చండి.

జీటీ కొనేవాళ్ళకి

2015 మస్టాంగ్‌కి పెద్ద మార్పు వెనక చక్రాల దగ్గర. అంతకుముందు దాదాపు అన్ని మస్టాంగ్‌లకీ వెనక ఒకే ఇరుసు, 1966కైతే మన లారీలకున్నట్టు కమాన్ పట్టీలే. 2015 నుంచి అన్ని మోడళ్ళకీ వెనక ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది. మలుపులో గుంత తగిలినా బండి పక్కకి ఎగరదు. పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు, టోర్సెన్ డిఫరెన్షియల్ కలిసి వస్తాయి, తర్వాత విడివిడిగా పెట్టించాలంటే చాలా అవుతుంది.

చూడాల్సిందల్లా ముందు నడిపినవాడు ఎలాంటివాడన్నదే. వెనక టైర్లు ముందువాటికన్నా మరీ అరిగి ఉన్నాయా, సైలెన్సర్ మార్చారా, ఇంజిన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేయించి మళ్ళీ పాతదానికి తెచ్చారా, ఇవి అడగండి. ఏ మార్పూ చేయని బండికి వెయ్యి డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదు. మాన్యువల్ గేర్లదైతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే నడపాలి. ఉదయాన్నే వస్తానని చెప్పండి. రెండో గేరు, మూడో గేరు గట్టిగా పడుతున్నాయా, గరగర వస్తోందా అన్నది వేడెక్కాక తెలియదు. రీకాల్ పనులు (కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసే లోపాలు) జరిగాయో లేదో ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి ఉచితంగా చూసుకోవచ్చు.

2018లో శక్తి 460కి పెరిగింది, పది గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. బడ్జెట్ సాగితే మంచి బండే. నా మటుకు 2015-17 చాలు.

మిగతా ఖర్చులు

మైలేజీ కోసం ఈ రెండింటిలో దేన్నీ ఎవరూ కొనరు. అయినా మాన్యువల్ జీటీకి అధికారిక లెక్క గ్యాలనుకి ఊళ్ళో 15 మైళ్ళు, హైవే మీద 25. ఇన్సూరెన్స్‌లో తేడా గమనించండి. 1966కి క్లాసిక్ పాలసీ తీసుకుంటే బండి విలువ ముందే రాసుకుంటారు, పూర్తిగా పోతే ఆ మొత్తమే ఇస్తారు, ప్రీమియం కూడా తక్కువ. కానీ రోజూ వాడే బండి వేరే ఉండాలని, గ్యారేజీలోనే పెట్టాలని షరతులు ఉంటాయి. జీటీకి మామూలు పాలసీయే. ఇరవై ఐదు దాటని కుర్రాళ్ళు బండి చూడకముందే కొటేషన్ తీసుకోండి. ప్రీమియం చూసి మనసు మార్చుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అమ్మేటప్పుడు జీటీ విలువ ఏటా తగ్గుతుంది. శుభ్రంగా ఉంచిన 1966 విలువ దాదాపు నిలబడుతుంది, అయితే దాని మీద పెట్టిన ఖర్చు తిరిగి రాదు. పెట్టుబడి అనుకుని మాత్రం కొనొద్దు.

ఇండియా తీసుకెళ్ళొచ్చా అనీ అడుగుతుంటారు. కుడిచేతి స్టీరింగ్‌తో ఫ్యాక్టరీనుంచి వచ్చిన మొదటి మస్టాంగ్ ఈ 2015 తరమే. 2016 జూలైలో ఫోర్డ్ దాన్ని మన దేశంలో 65 లక్షలకి విడుదల చేసింది, ఆటోమేటిక్ జీటీ ఒక్కటే. హైదరాబాదులో కావాలనుకునేవాళ్ళు అలా అక్కడే అమ్ముడైనదాన్ని వెతుక్కోవడం మేలు. ఇక్కడ కొన్న ఎడమచేతి బండిని ఓడెక్కించే ఆలోచన పెట్టుకోకండి.

నేను 1966 ఎందుకు అమ్మానంటే, మా రెండోవాడు పుట్టాక శనివారాలు నావి కాకుండా పోయాయి. గ్యారేజీలో మూడు నెలలు కదలకుండా నిలబడితే కార్బురేటర్ ఎండిపోయింది, చక్రాల దగ్గర బ్రేకు సిలిండర్ ఒకటి పట్టేసింది. కదలని పాత బండి నడిచే బండికన్నా త్వరగా పాడవుతుంది. కొన్నాయన రిటైరైన మెషినిస్టు, ఎడిసన్ మనిషే. నీళ్ళ సీసా ఆయనే తెచ్చుకున్నాడు.